సూపర్ నింటెండో ఆటలే గొప్పవని ఎవరు తేల్చారు? మెగా డ్రైవ్ తరఫున ఒక ఫిర్యాదు

ఎఫ్‌ఎం_నాదం
పదహారు బిట్ల కాలమంటే సెగా వాళ్ళ మెగా డ్రైవ్, నింటెండో వాళ్ళ సూపర్ నింటెండో అనే ఆట పెట్టెలు (కన్సోళ్ళు) టీవీకి తగిలించుకుని ఆడిన 1990ల మొదటి రోజులు. ఆ కాలం నాటి గొప్ప ఆటలంటూ ఏ జాబితా తెరిచినా అదే వరస. క్రోనో ట్రిగర్, జెల్డా, సూపర్ మెట్రాయిడ్, ఫైనల్ ఫాంటసీ 6, సూపర్ మారియో వరల్డ్. అన్నీ సూపర్ నింటెండోవే. కిందికి వెళ్ళగా వెళ్ళగా ఎక్కడో ఒక మూల మెగా డ్రైవ్ ఆట సోనిక్ 2 కనిపిస్తుంది. గన్‌స్టార్ హీరోస్ ఉండదు. షైనింగ్ ఫోర్స్ పేరే ఎత్తరు. చూసి చూసి విసుగొచ్చింది.

నా వాదన సూటిగా చెబుతాను. కంట్రోలర్ చేతికి అందిన క్షణం నుంచీ ఆడించే ఆటలు మెగా డ్రైవ్‌లోనే ఎక్కువ. సూపర్ నింటెండోలో పేరుపొందినవి చాలావరకు చదివించేవి, ఊళ్ళు తిప్పించేవి. గన్‌స్టార్ హీరోస్‌నే తీసుకోండి. కొనామీ నుంచి బయటికి వచ్చినవాళ్ళు ట్రెజర్ అనే సంస్థ పెట్టి, 1993లో మొదటగా విడుదల చేసిన ఆట అది. ఆయుధాలు నాలుగే. కానీ ఏ రెండింటిని కలిపినా కొత్త ఆయుధం పుడుతుంది. మెరుపును, శత్రువును వెంటాడే గుండును కలిపితే గురి చూసే పని లేకుండా మెరుపు తనంతట తానే వెతుక్కుంటూ వెళ్ళి తగులుతుంది. ఒక దశలో పరమపద సోపాన పటంలా పాచిక విసిరి గడులు దాటాలి, ఆగిన గడిని బట్టి ఒక్కో పోరాటం. ఇంత కల్పన గంటన్నరలో అయిపోయే ఆటలో ఉంది. జాబితాలు రాసేవాళ్ళకు ఇది కనబడదా?

మోడ్‌సెవెన్
"చదివించేవి, తిప్పించేవి" అని ఒక్క మాటలో తీసిపారేశారు. సూపర్ మెట్రాయిడ్ (1994)లో మొదట కాస్త కథ చెప్పాక ఆట పొడవునా మాటలే ఉండవు. ఒకచోట లోతైన బావిలాంటి దారిలో పడిపోతాం. పైకి రావడానికి ఆధారం ఏమీ దొరకదు. అక్కడ మూడు చిన్న జీవులు ఒక గోడను తన్ని ఎదుటి గోడకు, దాన్ని తన్ని మళ్ళీ ఇవతలి గోడకు ఎగురుతూ పైకి పోతుంటాయి. వాటిని చూసి మనమూ ప్రయత్నించాలి. ఆ విద్య మనం ఆడే వీరవనిత సామస్‌కు ఆట మొదలైనప్పటి నుంచీ ఉంది, తెలియనిది మనకే. ఒక్క అక్షరం రాయకుండా ఇలా నేర్పిన ఆట మెగా డ్రైవ్‌లో ఒకటి చూపించండి.

గోదావరి_గట్టు
సూపర్ మెట్రాయిడ్ అంతా బాగుంది కానీ సామస్ ఒకసారి ఎగిరితే కిందికి దిగేలోపు కాఫీ తాగి రావచ్చు. ఆ తేలుడు నాకు పడదు.

మోడ్‌సెవెన్
అది వేరే గ్రహం అండీ, మన గురుత్వాకర్షణ అక్కడ ఎందుకు నడుస్తుంది?

డల్లాస్_బాబాయి
నేను అమెరికాలో పెరిగినవాణ్ణి కాబట్టి అప్పటి సంగతి కొంత చెప్పగలను. ఇక్కడ మెగా డ్రైవ్ పేరు జెనెసిస్. 1989 ఆగస్టులో వచ్చింది. సూపర్ నింటెండో 1991 ఆగస్టులో వచ్చింది. అంటే సూపర్ నింటెండో రాకముందే రెండేళ్ళు సెగా చేతిలో ఉన్నాయి. ఏ ఇంట్లోనైనా రెంటిలో ఒకటే కొనేవారు, పిల్లలు తమ ఇంట్లో ఉన్నదాని తరఫున బడిలో వాదించేవారు. మా ఇంట్లో జెనెసిస్, పక్కింట్లో సూపర్ నింటెండో. కాబట్టి నాకు రెండూ తెలుసు.

జాబితాల్లో ఎప్పుడూ కనబడనివి క్రీడల ఆటలు. అమెరికాలో జెనెసిస్ ఇళ్ళకు చేరింది వాటి వల్లే అని నా నమ్మకం. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ వాళ్ళు సెగా యంత్రాన్ని విప్పి లోపలి పనితీరు తామే కనిపెట్టారు. ఆ తర్వాత సెగాతో కూర్చుని తమకు లాభంగా ఉండే ఒప్పందం కుదుర్చుకున్నారు. మ్యాడెన్ ఫుట్‌బాల్, ఎన్‌హెచ్ఎల్ ఐస్ హాకీ ముందు సెగాకే బాగా కుదిరాయి. ఎన్‌హెచ్ఎల్ 94లో ఒకడు పక్ (ఐస్ హాకీలో బంతి బదులు వాడే బిళ్ళ) అందించిన క్షణంలోనే రెండోవాడు ఆపకుండా గోల్‌లోకి కొట్టే మెలకువ చేర్చారు. హాకీ నియమాలు ఏమీ తెలియకపోయినా ఇద్దరు కూర్చుంటే అర్ధరాత్రి దాకా లేవరు. అదే ఆట సూపర్ నింటెండోలోనూ వచ్చింది. అందులో ఆటగాడు మంచు మీద జారడంలో ఆ చురుకు లేదు.

రక్తం_కావాలి
బాబాయి గారూ, ఇద్దరు తలపడి రక్తం చిందించే మోర్టల్ కాంబాట్ మరిచిపోయారు. 1993 సెప్టెంబరు 13న రెండింటిలోనూ ఒకే రోజు విడుదల. సూపర్ నింటెండోలో రక్తం తీసేసి బూడిద రంగు చెమట పెట్టారు. సెగాలో ఏ బి ఏ సి ఏ బి బి నొక్కితే రక్తం వచ్చేది. ఇంక చర్చ ఎందుకు?

డల్లాస్_బాబాయి
ఆ ఒక్క తేడాతో జెనెసిస్ రూపం బాగా అమ్ముడైన మాట నిజమే. కానీ తమ్ముడూ, రక్తం పక్కన పెట్టి చూస్తే బొమ్మలూ ధ్వనీ సూపర్ నింటెండోలోనే మెరుగు. ఆ ఏడాది డిసెంబరులో ఆటల్లో హింస మీద అమెరికా సెనేట్‌లో విచారణ జరిగింది, మరుసటి ఏడాది ఆటలకు వయసు ముద్రలు వేసే సంస్థ పుట్టింది. ఆ తర్వాత మోర్టల్ కాంబాట్ 2కు నింటెండో రక్తం అనుమతించింది. అప్పుడు సూపర్ నింటెండో రూపానిదే పైచేయి అయింది.

పాతబస్తీ_ఆటగాడు
ఇక్కడ పక్షపాతం లేనివాడిని నేనే అనుకుంటాను. కారణం చెబుతాను. మా చిన్నప్పుడు హైదరాబాదులో మా వీధి పిల్లలెవరి దగ్గరా ఈ రెండూ లేవు. ఇంట్లో ఉన్నది టీవీకి తగిలించే ఎనిమిది బిట్ల నకలు పెట్టె, అందులో కాంట్రా, మారియో. క్యాసెట్టు మీద 9999 ఆటలని రాసి ఉండేది, తిప్పి చూస్తే అవే నాలుగైదు ఆటలు వేర్వేరు పేర్లతో. బయటికి వెళితే వీడియో గేమ్ పార్లర్లో రూపాయికి ఒక నాణెం, స్ట్రీట్ ఫైటర్ 2 ముందు పెద్ద గుంపు. పదహారు బిట్ల కాలం మమ్మల్ని ముట్టకుండానే దాటిపోయింది. మెగా డ్రైవ్, సూపర్ నింటెండో రెండూ నాకు ఒకేసారి పరిచయమయ్యాయి, కంప్యూటర్లో ఎమ్యులేటర్ (పాత ఆట పెట్టెను అనుకరించే ప్రోగ్రాం) ద్వారా, ఇంజనీరింగ్ హాస్టల్లో. కాబట్టి చిన్ననాటి మమకారం దేని మీదా లేదు.

ఆ కళ్ళతో చూస్తే నాకు అర్థమైంది ఇది. ఒక్కొక్క ఆటను పోటీకి నిలబెడితే సూపర్ నింటెండో అగ్రశ్రేణి పది ఆటలకు సాటి లేదు. కానీ పేరు తెలియని ఒక ఆటను కళ్ళు మూసుకుని ఎంచుకుని ఆడమంటే మెగా డ్రైవ్‌నే ఎంచుకుంటాను. మొదటి నిమిషంలోనే రసపట్టులో పడేసే గుణం దాని మామూలు ఆటల్లో కూడా ఉంది.

ఎఫ్‌ఎం_నాదం
పాతబస్తీ గారి రెండో మాట నా తరఫున రాసుకుంటాను. మొదటి మాట ఒప్పుకోను. స్ట్రీట్స్ ఆఫ్ రేజ్ 2 (1992) ముందు నిలబడే వీధి పోరాటం ఆట సూపర్ నింటెండోలో చూపించండి చూద్దాం. ఫైనల్ ఫైట్ చూపిస్తారేమో. పార్లర్ ఆటను సూపర్ నింటెండోకు తెచ్చేటప్పుడు అందులో ఇద్దరు కలిసి ఆడే వీలే తీసేశారు. గై అనే వీరుణ్ణి తీసేశారు. ఒక దశ మొత్తం తీసేశారు. వీధి పోరాటం ఆటలో పక్కన స్నేహితుడు లేకపోతే ఇంకేం మిగిలింది?

స్ట్రీట్స్ ఆఫ్ రేజ్ 2 మొదటి దశ గుర్తు చేసుకోండి. నియాన్ దీపాల వీధిలో మొదలై మద్యశాల లోపలికి వెళతాం, వెనుక తలుపు దాటి బయటపడేసరికి వాన. ఆ వానలో ఆ దుకాణం నడిపేవాడితో పోరు. సంగీతం యుజో కోషిరో. మెగా డ్రైవ్ ధ్వని పుట్టించే ఆ యమహా చిప్‌తో నృత్యశాల సంగీతం చేయవచ్చని అంతకు ముందు ఎవరైనా ఊహించారా? ఇప్పటికీ హెడ్‌ఫోన్ పెట్టుకుని వింటాను.

వేణువు_వీణ
సంగీతం మాట వచ్చింది కాబట్టి. యమహా చిప్ పుట్టించేది ఎఫ్ఎం ధ్వని (ఒక తరంగంతో ఇంకో తరంగాన్ని కదిపి పుట్టించే స్వరం), లోహం మీద కొట్టినట్టు మోగుతుంది, బేస్ అద్భుతం. సూపర్ నింటెండో చిప్ సోనీలో కెన్ కుతరాగి రూపొందించింది (తర్వాత ప్లేస్టేషన్ పుట్టించిన ఆయనే). అది నిజమైన వాద్యాల నమూనాలను వాయిస్తుంది. దాని జ్ఞాపకం 64 కిలోబైట్లే. అందులో వయొలిన్లు, ఫ్లూట్లు, డప్పులు అన్నీ ఇరికించాలి. అంత ఇరుకులో డేవిడ్ వైజ్ డాంకీ కాంగ్ కంట్రీ నీటి దశకు కట్టిన బాణీ వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. పోరాటానికి యమహా, రసానికి సోనీ. నా తూకం కొద్దిగా సోనీ వైపే.

గోదావరి_గట్టు
డాంకీ కాంగ్ కంట్రీకి సంగీతం తప్ప ఏముంది? సిలికాన్ గ్రాఫిక్స్ కంప్యూటర్లలో చేసిన బొమ్మలు చూసి 1994లో అందరూ మైమరిచిపోయారు. ఆట మాత్రం కుడివైపు పరుగెత్తు, గెంతు, అంతే.

మోడ్‌సెవెన్
గనిలో బండి దశ ఆడినవాళ్ళెవరూ "అంతే" అనరు.

చిప్పుల_శాస్త్రి
వేగం గురించి తరచూ వినబడే లెక్క ఒకటి సరిచేయాలి. మెగా డ్రైవ్ ప్రాసెసర్ మోటరోలా 68000 నడిచేది 7.67 మెగాహెర్ట్జ్‌లో, సూపర్ నింటెండోది 3.58లో, కాబట్టి మొదటిది రెండింతల వేగం అంటారు. అలా పోల్చకూడదు. 68000కు అతి చిన్న ఆదేశానికి కూడా ప్రాసెసర్ లోపలి గడియారం కనీసం నాలుగు సార్లు టిక్కుమనాలి, నింటెండో దానికి రెండు చాలు. కాకపోతే నింటెండో ప్రాసెసర్ ఒకసారికి ఎనిమిది బిట్లే తెచ్చుకుంటుంది, 68000 పదహారు తెచ్చుకుంటుంది. పైగా చాలా కంపెనీలు ఖర్చు తగ్గించుకోవడానికి నెమ్మది కాట్రిడ్జ్‌లు (ఆట ఉండే క్యాసెట్లు) వాడాయి. వాటితో 3.58 కాస్తా 2.68కి పడిపోతుంది. గ్రేడియస్ 3, సూపర్ ఆర్-టైప్ లాంటి తొలినాటి ఆటల్లో తెర మీద శత్రువులు పెరగగానే అంతా నత్తనడక పట్టడం అందరికీ తెలిసిందే.

ఇంకొకటి ఎవరూ చెప్పరు. మెగా డ్రైవ్ తెర అడ్డంగా 320 చుక్కలు, సూపర్ నింటెండోది ఎక్కువ ఆటల్లో 256. అంటే సోనిక్ పరుగెత్తేటప్పుడు ముందున్నది మరికొంచెం ముందుగా కనబడుతుంది. రంగుల్లో మాత్రం పోలికే లేదు. మెగా డ్రైవ్‌లో 512 రంగుల నుంచి ఒకేసారి అరవై చిల్లర, సూపర్ నింటెండోలో 32,768 నుంచి 256. ఆటల స్వభావం చాలామటుకు ఈ అంకెల నుంచే వచ్చింది. వేగం ఇచ్చినచోట పరుగు ఆటలు పుట్టాయి, రంగులు ఇచ్చినచోట లోకాలు పుట్టాయి.

ఎఫ్‌ఎం_నాదం
శాస్త్రి గారూ, నత్తనడక సంగతి మీ నోటితోనే వచ్చింది కదా. విమానాలతో కాల్చే ఆటల్లో సెగాకు ఎదురులేదు. థండర్ ఫోర్స్ 3, థండర్ ఫోర్స్ 4, ఎం.యు.ఎస్.హెచ్.ఏ.

చిప్పుల_శాస్త్రి
థండర్ ఫోర్స్ 4 కూడా అక్కడక్కడ నెమ్మదిస్తుంది. కానీ అది తెర మీద మోసే బరువు చూస్తే క్షమించవచ్చు.

మోడ్‌సెవెన్
బటన్ల సంగతి కూడా చూడండి. స్ట్రీట్ ఫైటర్ 2కు ఆరు బటన్లు కావాలి. సూపర్ నింటెండో కంట్రోలర్‌కు నాలుగు ముందు, రెండు భుజాల మీద, పెట్టెలో వచ్చినదే సరిపోయింది. మెగా డ్రైవ్‌ది మూడు బటన్లే. పిడిగుద్దుల నుంచి తన్నులకు మారాలంటే పోరు మధ్యలో స్టార్ట్ నొక్కాలి. సరిగ్గా ఆడాలంటే ఆరు బటన్ల కంట్రోలర్ విడిగా కొనుక్కోవాలి.

రక్తం_కావాలి
ఆ ఆరు బటన్ల కంట్రోలర్ పట్టుకున్నారా ఎప్పుడైనా? ఆ కాలంలో అంతకంటే హాయిగా చేతిలో కూర్చున్నది లేదు.

కథల_పిచ్చి
నాకు బటన్లూ చుక్కలూ తెలియవు. కథలున్న ఆటలే ఆడతాను. అక్కడ పోటీ ఏకపక్షమని అనుకునేవాళ్ళ కోసం రెండు వైపులా చెబుతాను.

క్రోనో ట్రిగర్ (1995) మొదట్లో ఒక తిరునాళ్ళ ఉంటుంది. అక్కడ ఒక ముసలాయన భోజనం బల్ల మీద ఉంటుంది. బటన్ నొక్కితే తినేస్తాం, ఆటల్లో ఏది కనబడితే అది తీసుకోవడం అలవాటే కదా. ఒక అమ్మాయితో ఢీకొంటాం, ఆమె మెడలోని పతకం కింద పడుతుంది. ముందు ఆమెను పలకరించామా, పతకానికి ఎగబడ్డామా? తప్పిపోయిన పిల్లిని ఒక చిన్నపిల్లకు తెచ్చి ఇచ్చామా లేదా? అన్నీ మరిచిపోయి ముందుకు వెళ్ళాక మన మీద విచారణ జరుగుతుంది. ఆ సభలో ఒక్కొక్కరే వచ్చి ఇవన్నీ చెబుతారు. ఆ ముసలాయన తన భోజనం పోయిందని చెప్పినప్పుడు నాకు ముఖం చెల్లలేదు. ఆట మన ప్రవర్తనను గమనిస్తోందన్న ఊహ అంతకు ముందు నాకు లేదు.

ఇప్పుడు సెగా వైపు. ఫాంటసీ స్టార్ 4 (1993)లో కథ ముఖ్య ఘట్టాలన్నీ చిత్రకథ గడుల్లా తెర మీద ఒకదాని పక్కన ఒకటి తెరుచుకుంటాయి. గడి మీద గడి పడుతూ కోపం, ఏడుపు, మౌనం అన్నీ చూపిస్తుంది. పోరాటంలో ఐదుగురికీ ఆదేశాల వరసను ముందే రాసిపెట్టుకుని ఒక్క నొక్కుతో జరిపించవచ్చు. ఆ సౌకర్యం క్రోనో ట్రిగర్‌లో లేదు. అయినా అమెరికాలో దాని ధర వంద డాలర్లు పెట్టారు, కొనేవాళ్ళెవరు? గొప్ప ఆట జనానికి చేరకుండా ఉండిపోయింది.

ఎఫ్‌ఎం_నాదం
ఫాంటసీ స్టార్ 4 గురించి ఇంత బాగా ఎవరూ రాయలేదు, సంతోషం. షైనింగ్ ఫోర్స్ కూడా చెప్పండి. చదరంగంలా గడుల మీద సేనను నడిపే ఆట. ఆ కోవలో నింటెండో వాళ్ళ ఫైర్ ఎంబ్లెమ్ సూపర్ నింటెండోకు మూడు ఆటలు వచ్చాయి, మూడూ జపాన్ దాటలేదు. అమెరికాలో, ఐరోపాలో ఆ ఆట రుచి చూపించింది సెగానే.

కథల_పిచ్చి
అది నిజం. కానీ ఫైనల్ ఫాంటసీ 6లో కూలిపోతున్న నేల మీద గడియారం పరుగెడుతుంటే, పారిపోయే వీలున్నా, తోటి వీరుడు షాడో కోసం చివరి ఐదు సెకన్ల దాకా నిలబడితేనే అతను బతుకుతాడు. ముందే దూకేస్తే చచ్చిపోతాడు, మళ్ళీ రాడు. ఈ ఒక్క సన్నివేశానికి నా ఓటు సూపర్ నింటెండోకు.

డల్లాస్_బాబాయి
కథల ఆటలన్నీ నింటెండో వైపు ఎందుకు చేరాయో కూడా చూడాలి. జపాన్‌లో మెగా డ్రైవ్ వెనకబడింది, అక్కడ రెండో స్థానం పీసీ ఇంజిన్ అనే మరో ఆట పెట్టెది. కథల ఆటలు చేసే స్క్వేర్, ఎనిక్స్ సంస్థలు జనం ఎక్కువున్నచోటికే పోయాయి. ఎనిమిది బిట్ల కాలంలో అమెరికాలో నింటెండో పెట్టిన షరతులు కూడా పనిచేశాయి. ఒక్కో సంస్థ ఏడాదికి ఐదు ఆటలకు మించకూడదు, ఆ ఆటను రెండేళ్ళ పాటు ఇంకొకరికి ఇవ్వకూడదు. అలా అలవాటైన సంస్థలు వెంటనే గీత దాటలేదు. ప్రపంచం మొత్తం మీద సూపర్ నింటెండో 4 కోట్ల 91 లక్షలు అమ్ముడైంది. మెగా డ్రైవ్ మూడు కోట్ల దరిదాపుల్లో ఆగింది. అమ్మకాలు గొప్పతనానికి కొలమానం కాదు కానీ, జాబితాలు రాసేవాళ్ళు ఎక్కడి నుంచి వచ్చారో అవి చెబుతాయి.

పిల్లల_తల్లి
మా అబ్బాయి తరం వాడికి ఏది ముందు చూపించాలి? ఎనిమిదేళ్ళు వాడికి. నింటెండో వాళ్ళ స్విచ్ అనే ఆట పెట్టె ఉంది ఇంట్లో.

పాతబస్తీ_ఆటగాడు
స్విచ్ ఉంటే రెండూ ఉన్నట్టే అమ్మా. నింటెండో వాళ్ళ చందా సేవలో 2019 నుంచి సూపర్ నింటెండో ఆటలు, 2021 నుంచి ఎక్కువ చందా కట్టేవాళ్ళకు మెగా డ్రైవ్ ఆటలు ఉన్నాయి. ఒకప్పుడు ఒకరి మీద ఒకరు ప్రకటనల్లో దుమ్మెత్తిపోసుకున్నవాళ్ళ ఆటలు ఇప్పుడు ఒకే పెట్టెలో. ఎనిమిదేళ్ళ పిల్లవాడికి సూపర్ మారియో వరల్డ్ ఇవ్వండి. యోషి అనే డైనోసార్ ఎక్కగానే వాడు మీ మాట వినడు.

ఎఫ్‌ఎం_నాదం
సోనిక్ 2 ఇవ్వండి అమ్మా. రెండో కంట్రోలర్ మీరు పట్టుకుంటే సోనిక్ తోడు నక్క టెయిల్స్‌గా వాడి వెంట వెళ్ళవచ్చు. టెయిల్స్ చచ్చిపోయినా మళ్ళీ ఎగురుకుంటూ వస్తాడు కాబట్టి మీకు ఆట రాకపోయినా వాడికి నష్టం లేదు.

పిల్లల_తల్లి
ఇది బాగుంది. సోనిక్‌తోనే మొదలుపెడతాను.

మోడ్‌సెవెన్
ఒక ఓటు అన్యాయంగా పోయింది. సూపర్ మారియో కార్ట్‌లో కూడా ఇద్దరు ఆడవచ్చు అమ్మా!

అల్లావుద్దీన్_దీపం
రెండింటినీ సూటిగా పోల్చాలంటే అలాడిన్ ఆడండి. 1993లో రెండు వేర్వేరు ఆటలు వచ్చాయి. సెగాది వర్జిన్ సంస్థది, డిస్నీ చిత్రకారులే బొమ్మలు గీశారు. చేతిలో కత్తి ఉంటుంది. సూపర్ నింటెండోది క్యాప్‌కామ్‌ది, షింజీ మికామీ చేసింది. కత్తి లేదు, శత్రువుల తల మీద గెంతి, కొయ్యలు పట్టుకుని ఊగి, ఆపిల్ పండ్లు విసిరి నెగ్గుకురావాలి. చూడటానికి సెగాది. నడకలో సెగా అలాడిన్ కొంచెం జారుడు, గెంతు ఎక్కడ పడుతుందో నమ్మకం ఉండదు. క్యాప్‌కామ్ అలాడిన్ వేలు ఎంత చెబితే అంతే గెంతుతాడు. నా వరకు ఆట అంటే రెండోదే.

ఎఫ్‌ఎం_నాదం
ఆ జారుడు అలవాటైతే పోతుంది. కత్తి తిప్పే ఆనందం మాత్రం ఎన్నాళ్ళయినా పాతబడదు.

రక్తం_కావాలి
మెగా డ్రైవ్‌కు తగిలించే అదనపు పెట్టెలు సెగా సీడీ, 32ఎక్స్ ఆటలు లెక్కలోకి వస్తాయా? సోనిక్ సీడీ వస్తే పోటీ మారిపోతుంది.

మోడ్‌సెవెన్
రావు. విడిగా కొనాల్సిన పెట్టె అది. కంట్రోలర్ విషయంలో నేను పెట్టిన షరతే ఇక్కడా.

చిప్పుల_శాస్త్రి
అలాగైతే స్టార్ ఫాక్స్, యోషీస్ ఐలాండ్ కాట్రిడ్జ్‌లలో ఉన్న సూపర్ ఎఫ్ఎక్స్ చిప్ సంగతి? కన్సోల్ చేయలేని లెక్క కాట్రిడ్జ్‌లో ఇంకో ప్రాసెసర్ పెట్టి చేయించారు. సెగా వర్చువా రేసింగ్‌లో కూడా అదే పని చేసింది, ధర మాత్రం మోత మోగింది. నా మటుకు ఒక తీర్పు. ఆట కొనగానే ఆడగలిగితే లెక్కలోకి వస్తుంది. ఇంకో పెట్టె, ఇంకో తీగ కావాలంటే రాదు. కాబట్టి స్టార్ ఫాక్స్ ఉంటుంది, సోనిక్ సీడీ ఉండదు.

పాతబస్తీ_ఆటగాడు
న్యాయమైన తీర్పు. నాకు మిగిలిన తగవు కాంట్రాది, ఎందుకంటే మా తరం ఇక్కడ పెరిగిందే ఆ ఆట మీద. సూపర్ నింటెండోకు కాంట్రా 3, 1992లో. మెగా డ్రైవ్‌కు హార్డ్ కోర్, 1994లో. కాంట్రా 3లో పై నుంచి చూసే రెండు దశలు తెరను గిరగిరా తిప్పుతాయి, ఆ యంత్రం గొప్ప చూపించడానికే పెట్టినట్టు ఉంటాయి, ఆట పరుగు అక్కడ ఆగిపోతుంది. హార్డ్ కోర్‌లో నలుగురు వీరులు, మధ్యలో దారులు చీలుతాయి, ఒక్కో దారికి ఒక్కో ముగింపు. చిన్నప్పుడు ఆ ఎనిమిది బిట్ల పెట్టె ముందు నేను కోరుకున్న కాంట్రా అది. ఇక్కడ మెగా డ్రైవ్‌దే గెలుపు.

గోదావరి_గట్టు
హార్డ్ కోర్ మొదటి దశ దాటడమే గగనం. ఒక్క దెబ్బకు ప్రాణం పోతుంది.

పాతబస్తీ_ఆటగాడు
జపాన్ రూపం దొరికితే అది ఆడండి. అందులో మూడు దెబ్బల దాకా ఓర్చుకుంటాడు. అమెరికా రూపంలో దాన్ని తీసేశారు. మొదటిసారి తోడేలు మనిషి ఫాంగ్‌ను తీసుకోకండి, దగ్గరికి వెళ్ళి కొట్టాల్సిన ఆయుధాలు అతనివి. బ్రౌనీ అనే చిన్న రోబోను తీసుకోండి. పొట్టిగా ఉంటాడు, చాలా గుండ్లు తల మీద నుంచే పోతాయి.

గోదావరి_గట్టు
బ్రౌనీతో రెండో దశ చేరాను. మోటారు బండి మీద వెంటపడే ఆ పెద్ద యంత్రం దగ్గర ఎక్కడ నిలబడాలి?